బీరువా తలుపు మీది చీటీ

"సేవ్ అవ్వనంటోంది!"

సౌజన్య కేకకి ల్యాబు బయట బెంచీ మీద కూర్చున్న మనిషి లోపలికి తొంగి చూశాడు.

నర్సీపట్నంలోని ఆ డిగ్రీ కాలేజీలో ఆమె ల్యాబు ఇన్‌ఛార్జిగా చేరి వారమైంది. రెండింటికి ఆన్‌లైన్ పరీక్ష. అరవై మంది పిల్లల పేర్లు, నంబర్లు సర్వర్‌లోని ఫైల్లోకి ఎక్కిస్తేనే వాళ్లకి పరీక్ష తెరుచుకుంటుంది. పొద్దున్నుంచి ఎడిటర్లో ఒక్కొక్కటీ కొట్టింది. తీరా సేవ్ చేయబోతే, ఈ ఫైలు మార్చే అధికారం నీకు లేదని కంప్యూటర్ మొహమ్మీదే చెప్పేసింది.

టైము ఒకటిన్నర.

"మూసేసి మళ్లీ మొదలెట్టాలి కాబోలు."

"మూసీకండమ్మా! కొట్టిందంతా పోద్ది."

ఆ మనిషి గబగబా లోపలికొచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. చేతిలో ప్లాస్టిక్ కవరు, చెప్పుల నిండా ఎర్రమట్టి. ఏ పిల్లాడి తండ్రో అనుకుంది.

"మరేం చెయ్యమంటారు?" అంది విసుగ్గా.

"ఫైలు అలాగే ఉంచి, అడ్మిన్ పాస్‌వర్డుతో సేవ్ చెయ్యొచ్చమ్మా. ఒక్క లైను కొట్టాలి, అంతే."

బస్సు టికెట్టు వెనక ఆ లైను రాసిచ్చాడు. అక్షరాలు అచ్చు గుద్దినట్టున్నాయి. మధ్యలో ఒక ఆశ్చర్యార్థకం. దాని కింద చుక్కకి బదులు చిన్న సున్నా చుట్టాడు.

ఆమె చూసి కొట్టింది. కంప్యూటర్ పాస్‌వర్డు అడిగింది.

అది బీరువా తలుపు లోపలివైపు అంటించిన చీటీ మీద ఉంది. సౌజన్య లేచి బీరువా తెరిచింది.

ఆ మనిషి చప్పున కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఆమెకి నవ్వొచ్చింది. ఈయన చూస్తే మాత్రం ఏం కొంప మునుగుతుంది?

చీటీ చూసుకుని వచ్చి కొట్టసాగింది. "ఎంత కొట్టినా ఏమీ పడటం లేదండీ!"

"అది కనపడదమ్మా. కొట్టీసి ఎంటర్ నొక్కండి," అన్నాడు, తల తిప్పకుండానే.

నొక్కింది. సేవ్ అయింది.

"అబ్బ, బతికించారు! ఇంతకీ మీరేం చేస్తుంటారండీ?"

"మాది కొయ్యూరు అవతలమ్మా. జీడితోట చూసుకుంటాను."

"జీడితోటలో ఇవన్నీ ఎవరు నేర్పారు?"

ఆయన నవ్వాడు. "ప్రిన్సిపాల్ సారుతో పనుండి వచ్చాను. బస్సు టైమైపోనాది, మళ్లీ వస్తాను," అని కవరు సంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఐదు నిమిషాలకి గుమస్తా జగదీశ్వరరావు గారు హాజరు పట్టీ పట్టుకుని వచ్చారు.

"బెంచీ మీద మత్స్యలింగం ఉండాలి, ఎల్లిపోనాడా అమ్మా?"

"ఆయనెవరండీ?" సౌజన్యకి ఆత్రం ఆగలేదు.

"మూడేళ్ల కిందట మీ సీట్లో పనిచేసినోడే. ఈ కంప్యూటర్లోనే మార్కులు మార్చీసాడని తీసీసారు. అనుభవం సర్టిఫికెట్టు కోసం తిరుగుతున్నాడు. ఈవేళా లేదని చెప్పీమన్నారు ప్రిన్సిపాల్ గారు."

"మార్చడం ఎవరైనా చూశారా?"

"చూడ్డమేటి? పాస్‌వర్డు ఆడి దగ్గరే కదా ఉండీది!"

సౌజన్య బీరువా తెరిచింది. చీటీ పక్కన బస్సు టికెట్టు పెట్టి చూసింది. పాస్‌వర్డు చివర కూడా ఒక ఆశ్చర్యార్థకం. దాని కిందా చిన్న సున్నా.

"ఆయన వెళ్లాక పాస్‌వర్డు మార్చలేదా?"

"మార్చడం ఇక్కడెవరికొచ్చమ్మా? ఎల్లీరోజు ఆడు రాసిచ్చిందే అది."

ఆమెకి తన నవ్వు గుర్తొచ్చి సిగ్గేసింది. గేటు దాకా పరుగెత్తింది. అప్పటికే కొయ్యూరు బస్సు కదిలి వెళ్లిపోయింది.

మూడేళ్లుగా తనకి కంఠతా వచ్చిన పాస్‌వర్డుని ఆమె కొడుతుంటే, అది తను చూడకూడదని ఆ మనిషి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.