ఎడమకు తిరగని నట్టు

కంబంలో తల్లికి ప్రాణం మీదికొచ్చిందని కబురు రాగానే ముత్తమ్మాళ్ ప్రయాణానికి సిద్ధమైంది. బండి మాత్రం సిద్ధం కాలేదు. కంపెనీ దొర బహుమతిగా ఇచ్చిన ఆ సీమ బండికి చక్రం విరిగింది. కొత్తది వేయాలంటే ఇనుప ఇరుసు చివర నట్టు ఊడాలి.

ఆమె భర్త సేతురామ నాయకర్ బోడినాయకనూరులో పెద్ద మిరాసుదారు. ముందు చిన్న పానా పెట్టాడు. తర్వాత పెద్ద పానా తెప్పించాడు, ఆముదం పోశాడు. చివరికి పానాకు రోకలి కట్టి తోశాడు. నట్టు ఇంకా బిగిసింది.

"ఎడమకు తిప్పితే కదండీ ఊడేది?" అంది ముత్తమ్మాళ్.

"ఏమే, బుద్ధి ఉండాదా? ప్రదక్షిణం కుడికే. ఎడమకు తిరిగేది చావు కార్యానికి. మీ అమ్మ ప్రాణంతో ఉండంగా అపశకునం చేయమంటావా?"

"అట్లయితే ఎదురింటి ఎరువు బండిలో పోతాను."

"మా ఇంటి ఆడది ఎరువు బండిలో పోతే ఊరు నవ్వదా?"

రోకలి విరిగింది. ఆయన పొడవైన దూలం కోసం వెతుకుతుండగా కంబం నుంచి మనిషి వచ్చి, ముసలమ్మ పోయిందన్నాడు.

నాయకర్ ఒక నిట్టూర్పు విడిచి, దూలాన్ని పానాకు తగిలించి, మొదటిసారి ఎడమకు తోశాడు. నట్టు కిర్రుమని ఊడింది.

"చూస్తివా! తగిన సామాను దొరికితే ఎంత సేపు?" అని గర్వంగా వెనక్కి తిరిగాడు.

ముత్తమ్మాళ్ ఎరువు బండిలో కూర్చుని ఉంది.

"ఊరు నవ్వనీండి. పొద్దుననే నవ్వనిచ్చి ఉంటే మా అమ్మను చూసి ఉందును."