గూడు కట్టని పురుగులు

“ఈ పిల్ల అడుగెట్టినకాడి నుంచే మా పురుగులు పాడైపోనాయి!”

అప్పలసూరి అరుపుకి ఇరుగూ పొరుగూ గడపల్లోకి వచ్చేశారు. షెడ్డులో చంద్రికలనే వెదురు తట్టల మీద పట్టుపురుగులు గూడు కట్టే దశకు పండి కూడా, గూళ్లు అల్లకుండా ఊరకే పడి ఉన్నాయి. ఈ పంట పోతే అతనికి మళ్లీ లేచే ఓపిక లేదు.

తన్మయి తల వంచుకుంది. పురుగు కడుపులోని జిగురు పట్టుదారంగా ఎలా మారుతుందో పరిశోధించడానికి విశాఖ నుంచి వచ్చి, వారంగా ఆ షెడ్డు వరండాలోనే మంచం వేసుకుని పడుకుంటోంది పాపం.

“పిల్లనెందుకు ఆడిపోసుకుంతావు? అదేటి సేసినాది?” లక్ష్మీనరసమ్మ మొగుడి మీద విరుచుకుపడింది. “నువ్వు అంబలి తాగమ్మా, ఆయన మాటలకేటి!”

అంబలి ఎక్కడ దిగుతుంది? తన్మయి ఒక పురుగును కోసి, లోపలి జిగురును పట్టుకారుతో మెల్లగా లాగింది. సన్నటి దారం చక్కగా సాగింది. విశాఖ ల్యాబుకు మొన్న పంపిన జిగురు నమూనాల ఫలితాలూ అప్పుడే ఫోనులోకి వచ్చాయి. మైక్రోస్కోపు, ఎక్స్‌రే, దారాన్ని సాగదీసి చూసే మిషను, మూడూ ఒకే మాట చెప్పాయి.

“బాబాయ్, జిగురులో ఏ లోపమూ లేదు. పురుగు తల తిప్పుతూ లాగితేనే అది దారమవుతుంది. ఆ తిప్పే నరాలే చచ్చుబడ్డాయి. ఏదో పురుగుమందు గాలి తగిలింది.”

“మందా? అయితే పక్కసేను గంగులుగాడే!” అప్పలసూరి కర్ర అందుకున్నాడు.

గంగులు గోడ అవతలి నుంచే చేతులు జోడించాడు. “నాను మందు కొట్టి నెల దాటిపోనాది బావా! పైడితల్లి మీద ఒట్టు!”

మరి మందు ఎక్కడిది? తన్మయి షెడ్డు మూలమూలా వెతికింది. వరండాలోకి వచ్చి మంచం కిందికి వంగింది. గోడ వారగా, తన పెట్టె వెనకాల, మూకుడు నిండా దోమల కాయిల్ బూడిద.

“ఇది నేను వెలిగించలేదే!”

లక్ష్మీనరసమ్మ గబగబా వచ్చి మూకుడును కొంగు చాటుకు లాక్కుంది. గొంతు తగ్గించింది.

“ఆయనకి సెప్పకు తల్లీ. పురుగులకి ఆ పొగ పడదని నాకూ తెలుసు. ఒక్క కాయిల్ సుట్టకి ఏటౌతాదిలే అనుకున్నాను. నిన్ను దోమలు పీకేస్తంటే సూడలేక, నువ్వు నిద్దరోయినాక రోజూ నానే ఎట్టినాను.”