ఎర్రగీత దాటిన ముల్లు

"బావా, ప్రెషర్ ముల్లు చూడు. ఏడు దాటింది."

లాండ్రీ ఓనరు బాయిలర్ గదిలోకి రావడమే తక్కువ. బావమరిది బతిమాలితే ఇవాళ పొద్దున్నే, పనివాళ్ళు రాకముందే వచ్చాడు. వచ్చాక వెనక తలుపు గడియ పడింది.

"దాటితే మంట దానంతటదే ఆగాలిగా?"

"ఏడుకి ఆపి ఐదుకి వెలిగించే స్విచ్చి ఎప్పుడో పోయింది బావా. పొద్దస్తమానం నేనే స్విచ్చినై ఇక్కడ కూచుంటున్నా. టీకి వెళ్ళాలన్నా భయమే."

"రెండో స్విచ్చి ఉందిగా."

"అది ట్రిప్పై మంట ఆపేస్తే, ఎందుకు ఆపిందో చూసి, అప్పుడు ఎర్ర బటన్ నొక్కి మళ్ళీ వెలిగించాలి. నువ్వు చూడనివ్వకుండా నొక్కించీ నొక్కించీ దాన్నీ చంపావు."

"సేఫ్టీ వాల్వు?"

"ఆవిరి దండగైపోతోందని బిగించెయ్యమన్నది ఎవరు?"

మూలన పంపు గుయ్యిమంటోంది. ముల్లు ఎర్రగీత దాటింది.

"చేత్తో ఆర్పెయ్యరా మంట."

"ఆర్పడానికి అక్కడేం మిగల్లేదు బావా."

బావమరిది మఫ్లర్ బిగించుకుని ముల్లునే చూస్తున్నాడు. బావకి మాత్రం చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. పని మానేస్తానన్నప్పుడల్లా "మీ అక్క కాపురం గుర్తుంచుకో" అని ఆ కుర్రాణ్ణి ఈ గదిలో కట్టిపడేసింది ఈ మహానుభావుడే. ఇప్పుడు తనూ ఇరుక్కున్నాడు.

తలుపు బాదాడు. "ఏమేవ్, గడియ తియ్యి."

అవతల ఇస్త్రీ మెషీన్ల దగ్గర్నుంచి భార్య పలికింది. "బిగుసుకుపోయిందండీ. రావట్లేదు."

"అయితే నువ్వు బయటికి పో. ముందు పో."

"రోజూ ఈ గోడ పక్కనే నిలబడి ఇస్త్రీ చేస్తున్నాను. ఇవాళ గుర్తొచ్చానా?"

ఆ మాటకి ఆయన నిజంగానే ఏడ్చాడు. ఫోన్ తీసి మెకానిక్‌కి చేశాడు.

"స్విచ్చిలు రెండూ, వాల్వూ కొత్తవి కావాలి. ఇవాళే బిగించాలి. అందాకా లాండ్రీ మూత."

గడియ ఠక్కున ఊడింది. ఆయన వెనక్కి చూడకుండా రోడ్డు మీదికి పరిగెత్తాడు.

అక్క లోపలికొచ్చి పంపు ఆపింది. అమ్మయ్య అనుకుంటూ బాయిలర్‌కి చెంప ఆనించింది.

"జలుబు చేస్తుందక్కా," అన్నాడు తమ్ముడు.

లోపల ఉన్నది ఆవిరి కాదు, ముల్లుని పైకెక్కించడానికి పంపు తోసిన చన్నీళ్ళు.