సూపర్‌చార్జర్ సంబంధం

"గాలండీ! అసలు సంగతంతా గాలిలోనే ఉంది," అన్నాడు పెళ్లికొడుకు, స్టీరింగ్‌ని రెండు చేతులా బిగించి పట్టుకుని.

"నిజమే. ఉక్కపోస్తోంది," అంది పక్క సీట్లోని అమ్మాయి. కిటికీ అద్దం ఇంకాస్త కిందికి దించుకుంది.

పెళ్లికొడుకు అనేశాం గానీ ఇంకా కాలేదు. అవుతాడో లేదో తేలేది ఈ ప్రయాణంలోనే. "అలా బయటికెళ్లి ఇద్దరూ మాట్లాడుకుని రండి. ఇంటికొచ్చేసరికి ఔనో కాదో అమ్మాయే చెప్తుంది," అన్నారు పెద్దవాళ్లు. ఇదివరకటి సంబంధాలన్నీ ఈ కారెక్కి, దిగి, మళ్లీ ఫోనెత్తకుండా పోయినవే. అందుకే బయల్దేరేటప్పుడు వాళ్లమ్మ గడ్డం పట్టుకుని బతిమాలింది.

"నాయనా, నీకు పుణ్యముంటుంది. ఈసారైనా కారు ఊసెత్తకురా."

ఎత్తకుండా ఉండగలిగితే ఈపాటికి ఇద్దరు పిల్లల తండ్రి అయ్యుండేవాడు.

"మామూలు ఇంజన్ ఉంది చూశారూ, పాపం, తనంతట తాను పీల్చుకున్న గాలితోనే సరిపెట్టుకుంటుంది. మన సూపర్‌చార్జర్ అలా ఊరుకోదు. ఇంజన్ తిరిగితే బెల్టు తిరుగుతుంది, బెల్టుతో పాటు ఇదీ తిరుగుతుంది. బయటి గాలిని లాక్కుని, నొక్కి, సిలిండర్లలోకి కుక్కుతుంది. గాలి ఎంత ఎక్కువుంటే పెట్రోలు అంత ఎక్కువ మండించొచ్చు. అదండీ బలమంటే!"

"అంటే వద్దన్నా కుక్కుతుందన్నమాట."

"కరెక్ట్! భలే పట్టేశారే!"

అమ్మాయి పళ్ల డాక్టరు. రోజంతా నోళ్లు తెరిపించడమే ఆమె ఉద్యోగం. మూయించడం కూడా నేర్చుకోనందుకు ఇవాళ మొదటిసారి బాధపడింది.

"మరి అది తిరగడానికి బలం ఎవరిస్తారు?" అని అడిగింది.

"ఇంకెవరు, ఇంజనే!"

"ఇంజన్ దగ్గర తీసుకుని ఇంజన్‌కే ఇస్తుందా?"

"తీసుకున్నదానికి ఎన్నో రెట్లు తిరిగిస్తుందండీ! మొగుడన్నవాడు కూడా అలాగే ఉండాలని నా ఉద్దేశం," అన్నాడు. అని, ఎంత బాగా చెప్పానో అన్నట్టు ఆమె వైపు చూశాడు. ఆమె రోడ్డు వైపు చూస్తోంది.

ముందు ఒక కూరగాయల వ్యాను వెళ్తోంది. పాతబడి రంగు వెలిసింది, వెనక తలుపుకి పెద్ద సొట్ట. గుంత వచ్చినా మలుపు వచ్చినా దాని డ్రైవర్ కిటికీలోంచి చెయ్యి చాపి ముందే సైగ చేస్తున్నాడు. మనవాడి ప్రతిభనూ కాదనకూడదు. ఇంతదూరమూ ఆ వ్యానుకీ తన కారుకీ మధ్య ఎడం కొలిచినట్టు అంతే ఉంచాడు.

"ఆ వ్యానును మనం దాటలేమంటారా?" అంది అమ్మాయి.

"ఆ డొక్కునా? మన బండికి అదెంత పనండీ! టర్బో అనుకోండి, పొగ బయటికి పోయే జోరుతో తిరగాలి, కాస్త తడుముకుంటుంది. మనకా బాధ లేదు. నొక్కామా, దూకిందే!"

"ఏదీ, ఒక్కసారి నొక్కండి చూద్దాం."

"ఇక్కడా? ఇంతమంది జనంలోనా?" నుదుటి మీది చెమట తుడుచుకున్నాడు. "బలమున్నవాడికి నిగ్రహం కూడా ఉండాలండీ."

సైకిల్ మీద ఒక పెద్దాయన వాళ్లను దాటుకుని వెళ్తూ, కారు వైపు తల తిప్పి తిప్పి చూశాడు. బడి నుంచి వస్తున్న పిల్లలు ఈలలేసి చేతులూపారు.

"చూశారా! జన్మలో ఇలాంటి కారు చూసుండరు పాపం," అన్నాడు.

"వ్యానతను చెయ్యి చూపిస్తున్నాడు, బ్రేకు," అంది అమ్మాయి.

"ఆఁ, చూశాను, చూశాను," అంటూ సీట్లోంచి లేచినంత పనిచేసి తొక్కాడు.

కాసేపయ్యాక ఆమే మళ్లీ అడిగింది.

"నాదో అనుమానం. తట్టుకోలేనంత గాలి కుక్కేస్తే ఇంజన్ ఏమవుతుంది?"

మనవాడు గొంతు సవరించుకున్నాడు. "మంచి ప్రశ్న," అన్నాడు. నుదురు మళ్లీ తుడుచుకున్నాడు. ఆ చెమట, ఆ అవస్థ చూసి అమ్మాయికి నిజంగానే జాలేసింది. ఎంత పిచ్చివాడైనా మనసు మంచిదేమో అనుకుంది. ఔనందామా అని కూడా ఒక్క క్షణం అనిపించింది.

"అదంతా పెళ్లయ్యాక తీరిగ్గా వివరిస్తానండీ. రోజుకి కొంచెం చొప్పున," అన్నాడు.

జాలి కాస్తా ఎగిరిపోయింది.

ఇల్లొచ్చింది. గేటు దగ్గర పెద్దవాళ్లంతా నిలబడి ఉన్నారు. కారు వాలకం చూసి అబ్బాయి తల్లి నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"ఇంతకీ ఏమంటారు? ఔనా, కాదా?" అన్నాడు మనవాడు. ఈసారి నిజంగానే ఆశ పెట్టుకున్నాడు మరి.

"ఒక్క నిమిషం. ముందు ఒకటి కనుక్కోవాలి," అని తలుపు తీసుకుని దిగింది.

ఎదురొస్తున్న పెద్దవాళ్లను తప్పించుకుని, ఆమె నేరుగా ముందుకి నడిచి, చచ్చిన ఇంజన్‌తో ఉన్న ఈ కారుని ఇంతదూరం ఈడ్చుకొచ్చి ఇప్పుడు తాడు విప్పుకుంటున్న కూరగాయల వ్యాను డ్రైవర్‌ని అడిగింది, "మీకు పెళ్లయిందా అండీ?"