ఆరో ప్రశ్న

“చిప్ ఉన్న పాస్‌పోర్టు, ఉంది. మూడు నెలల్లోపు చుట్టపుచూపు, అంతే. కేసులూ గీసులూ లేవు. ఇక నీకు వీసా లైన్ల గోల లేదమ్మా, ఆన్‌లైన్ అనుమతి చాలు,” అంటూ ట్రావెల్స్ బాబాయి హుషారుగా కీబోర్డు టకటకలాడిస్తున్నాడు. ఎదురుగా అన్నకూతురు. ఆసుపత్రిలో నర్సు. పరాయిదేశంలో ఉన్న అక్క కాన్పుకి సాయం వెళ్లాలని వచ్చింది.

ఆరో ప్రశ్న దగ్గర అతని వేళ్లు ఆగిపోయాయి.

“ఏంటి బాబాయ్?”

“ఇదివరకు ఏ దేశమైనా నీకు వీసా ఇవ్వనందా అని అడుగుతున్నారు.”

“నేనెప్పుడు అడిగాను గనక? ఎనిమిదేళ్ల క్రితం ఆ ఫారిన్ నర్సు ఉద్యోగానికి కాగితాలు పంపకముందే ఖాళీలు నిండిపోయాయన్నావుగా.”

బాబాయి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నిజానికి కాగితాలు వెళ్లాయి. ఎవరిదో జీతం సర్టిఫికెట్ పొరపాటున ఆమె ఫైల్లో పెట్టి పంపింది తనే. దొంగ కాగితమని వీసా ఇవ్వలేదు. చెప్పడానికి మొహం చెల్లక, ఖాళీలు లేవని చేతులు దులుపుకున్నాడు.

ఇప్పుడు ‘లేదు’ అని నొక్కితే నిమిషంలో పనైపోతుంది. పట్టుబడితే పిల్లని విమానాశ్రయం నుంచే వెనక్కి పంపేస్తారు.

“‘అవును’ అని పెట్టాలమ్మా,” అన్నాడు తల దించుకుని. “ఇక ఆన్‌లైన్‌లో కుదరదు. అప్పుడు నీ వీసా పోయింది నావల్లే.”

ఆమె సంచిలోంచి మడతలు నలిగిన ఉత్తరం తీసి బల్ల మీద పెట్టింది. ఎంబసీ ముద్ర ఇంకా చెరగలేదు.

“ఇది అప్పుడే మా ఇంటికొచ్చింది బాబాయ్. నువ్వు వచ్చిన ప్రతిసారీ, ఇవాళైనా చెబుతావేమోనని టీ ఇచ్చి ఎదురుగా కూర్చునేదాన్ని.”