చెంప మీది మచ్చ

“మళ్లీ దుమ్మే! ఒక్క స్కాన్, ఒక్కటైనా శుభ్రంగా రాదే!” నవదీప్ స్కానర్ అద్దాన్ని ఇంకా గట్టిగా రుద్దాడు. అద్దం చిటపటలాడింది.

“పొడిగుడ్డతో రుద్దితే కరెంటు పుట్టి ఇందిరాపురం దుమ్మంతా అంటుకుంటుంది. గుడ్డ తడిపి తుడవండి,” అంది భార్య సాయిసుధ.

అలాగే తుడిచి మళ్లీ స్కాన్ చేశాడు. తెరమీద బాబు ముఖం తేటపడింది. ఫొటోలున్న ఫోన్ మెట్రోలో పోయాక, బతకని ఆ బిడ్డ గుర్తుగా మిగిలింది ఈ ఒక్క ప్రింటే. చెంప మీద నల్లమచ్చ మాత్రం కదల్లేదు.

తడిగుడ్డని ఫొటో మీదికే తీసుకెళ్లాడు. సుధ చెయ్యి పట్టేసుకుంది.

“అది దుమ్ము కాదండీ. ఐసీయూలో ఒక్కసారి ముట్టుకోనిచ్చినప్పుడు, నా కంటి కాటుక తీసి దిష్టిచుక్క పెట్టాను.”

“నాకు చెప్పలేదే?”

“మీరు అలాంటివి నమ్మరుగా.”

నవదీప్ గుడ్డ పడేసి, ఆ చుక్క మీద దుమ్ము వాలకుండా రెండు అరచేతులూ అడ్డం పెట్టాడు.