పెద్దాయన మోకాలు

"బాబూ, కాస్త చెయ్యిస్తావా? మోకాలు పట్టేసింది."

వెనక నుంచి వచ్చిన ఎర్ర టోపీ పెద్దాయన సరిగ్గా దారికి అడ్డంగా గడ్డిలో కూలబడ్డాడు.

బస్సు డ్రైవరుకు ఒళ్ళు మండింది. కొండ ఎక్కడం మొదలుపెట్టి పది నిమిషాలైనా కాలేదు.

గుండె ఆపరేషనై ఆరు నెలలు. రేపే డిపోలో ఫిట్‌నెస్ పరీక్ష. గట్టెక్కితే మళ్ళీ స్టీరింగు, లేదంటే రిటైరయ్యేదాకా స్టోర్ రూములో నట్లూ బోల్టులూ అందించే పని.

డాక్టరు కంటే ముందు తన గుండెకు తనే పరీక్ష పెట్టుకుందామని, కూరగాయలకని ఇంట్లో అబద్ధమాడి మరీ వచ్చాడు. ఎక్కడా ఆగకుండా శిఖరం చేరాలి. ఎత్తు ఎక్కేటప్పుడు బండి ఆపినవాడు డ్రైవరే కాదని ఇరవై రెండేళ్ళుగా కొత్తవాళ్ళకు నూరిపోసిన మనిషి. ఒంటికీ అదే సూత్రమని ఆయన నమ్మకం.

అయినా పెద్దవాడు చెయ్యి చాపితే కాదనలేం కదా. ఛాతీ మీది చెయ్యి తీసి అందించాడు.

"నాకు తొందరుందండీ."

"కొండ ఎక్కడికీ పోదులే. కాస్త తోడు నడువు."

వందడుగులు వేశారో లేదో, పెద్దాయన మళ్ళీ కూర్చున్నాడు.

"నువ్వూ కూర్చో బాబూ. పక్కన మనిషి నిలబడితే నాకు కంగారు."

డ్రైవరు పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాడు. గాలికి గడ్డి ఒక పక్కకు వాలి లేస్తోంది.

మూడోసారి బూటు లేసు ఊడింది. నాలుగోసారి దాహమన్నాడు. తను ఒక్క గుక్క తాగి సీసా డ్రైవరు చేతిలో పెట్టాడు.

"తాగెయ్యి. మోయలేకపోతున్నాను."

ఐదోసారి ఏ సాకూ చెప్పకుండానే కూర్చున్నాడు.

"ఏం చేస్తుంటావు?"

"బస్సు నడుపుతాను. గుండె ఆపరేషను చేశారు. మళ్ళీ నడపనిస్తారో లేదో రేపు తేలుతుంది."

"అంత ఇష్టమా?"

"తొలి బస్సు ఎక్కగానే జనం నిద్రపోతారండీ, నా చేతుల మీద నమ్మకంతో. ఇప్పుడు ఇంట్లో స్నానాల గదికి గడియ కూడా పెట్టుకోనివ్వడం లేదు నన్ను."

ఆ సారి ఇంకాస్త ఎక్కువసేపు కూర్చున్నారు.

అరగంట దారికి గంటన్నర పట్టింది. శిఖరం మీద నుంచి ఏరూ, పొలాలూ, డిపోలో వరసగా నిలిపిన బస్సులూ కనిపిస్తున్నాయి. డ్రైవరుకు అవేవీ కంటికి ఆనలేదు.

"మీ పుణ్యమా అని నా పరీక్ష కాస్తా మట్టిగొట్టుకుపోయింది. కాళ్ళు బాగాలేనివాళ్ళు ఇంటిపట్టున ఉండాలండీ. మీరు ఎక్కలేక, ఇంకొకరిని ఎక్కనివ్వక..."

పెద్దాయన ముఖం చిన్నబోయింది.

"పొరపాటైంది బాబూ. రేపు డాక్టరు దగ్గర మాత్రం ఏదీ దాచకు" అని చెయ్యి చాపాడు.

డ్రైవరు చూడనట్టు తల తిప్పుకున్నాడు. పెద్దాయన అవతలి వైపు దారిలో దిగిపోయాడు.

కొండ కింద నీళ్ళ సీసాలమ్మే ఆవిడ డ్రైవరును చూడగానే లేచి ఎదురొచ్చింది.

"ఇప్పుడెలా ఉందన్నా?"

"నాకేమైంది?"

"ఛాతీ పట్టుకుని, ముఖం పాలిపోయి ఎక్కుతూ కనిపించారు. ఎంత పిలిచినా వినిపించుకోలేదు. అందుకే ఎర్ర టోపీ ఆయన్ని మీ వెనకాల పంపాను. పాపం, పరుగున వెళ్ళాడు."

"పరుగునా? ఆయనకు మోకాళ్ళు..."

ఆగిన ప్రతి చోటా తనకు ఊపిరి అందిన సంగతి ఇప్పుడు గుర్తొస్తోంది.

వెనక్కి తిరిగి చూశాడు. కొండ మీద గడ్డి తప్ప ఎవరూ లేరు.

"ఇక్కడ కుప్పకూలినవాళ్ళని ముప్ఫై ఏళ్ళు స్ట్రెచరు మీద కిందికి మోసుకొచ్చిన మనిషి ఆయన, అన్నా" అంది ఆవిడ, "ఇప్పుడు కూలకముందే మోకాలు నొప్పని చెప్పి కూర్చోబెడుతున్నాడు."